పేజీలు తిరిగే అలికిడి

గురువారం, మధ్యాహ్నం

మహారాజశ్రీ నోటు పుస్తకము వారి దివ్య సముఖమునకు, విశ్రాంత భాషోపాధ్యాయుడు చేయు నమస్కారములు. ఉభయకుశలోపరి.

లేఖకు కుడివైపు పై మూలన తేదీ, ప్రదేశం వేయాలని ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు చెప్పాను. వేయనివారికి రెండేసి మార్కులు తగ్గించాను. ఇవాళ నేనే వేయడం లేదు. ఇందులో రాయబోయేది రహస్యం కనుక ఆ రెండు మార్కులూ నాకు నేనే తగ్గించుకుంటున్నాను. వారం మాత్రం వేస్తాను. మా ఊరి పత్రిక వారపత్రిక. దాని ఆయుష్షు లెక్కించడానికి వారాలు చాలు.

రహస్యం ఇది: ఇంకో నాలుగు సంచికలతో ఆ పత్రిక ఆగిపోతుంది.

ఉదయం ఎప్పటిలాగే సెలూన్లో పత్రిక చదివాను. ఈ చదువు మొదలై ఎనిమిదేళ్ళయింది. ఉద్యోగ విరమణ చేసిన రెండో వారంలో, క్షవరానికి నా వంతు వచ్చేలోగా, తరగతి అలవాటు కొద్దీ పత్రికను పైకి చదివాను. సెలూన్ యజమాని కత్తెర ఆపి "మాస్టారూ, ఆ ముక్క మళ్ళీ ఒకసారి" అన్నాడు. మళ్ళీ చదివాను. ఆ పై గురువారం పదిమంది వచ్చారు. ఇప్పుడు నలభైమందికి తగ్గరు. బల్లలు చాలక గుమ్మంలో, మెట్లమీద, రోడ్డవతల ఇస్త్రీ బండి చుట్టూ నిలబడతారు. క్షవరం కుర్చీని మీట నొక్కి పైదాకా లేపి నన్ను కూర్చోబెడతారు. ఎదుట అద్దం, వెనక అద్దం. ఎటు చూసినా నేనే పత్రిక చదువుతూ కనిపిస్తాను. నాలుగు పేజీలూ, ఒక్క అక్షరం వదలకుండా, అచ్చుతప్పులను నాలుక మీదే దిద్దుకుంటూ చదువుతాను. గంటా పది నిమిషాలు. ఒక్కరూ దగ్గరు.

సంపాదకురాలు కూడా ప్రతి గురువారం వచ్చి గుమ్మం పక్కన నిలబడుతుంది. ఏడో తరగతిలో నా విద్యార్థిని. పత్రిక పెట్టింది వాళ్ళ నాన్న. ఆయన పోయాక తనే నడుపుతోంది. ఇవాళ అందరూ వెళ్ళేదాకా ఆగింది.

"మాస్టారు గారూ, ఒక మాట. ఎవరికీ చెప్పనంటేనే చెప్తాను."

"ఏడో తరగతిలోనూ ఇలాగే మొదలుపెట్టేదానివి. చెప్పమ్మాయ్."

"ఇంకో నాలుగు వారాలు వేసి ఆపేస్తున్నాను. పోయేది నూట తొంభై. నాలుగొందలు పోతేగానీ కాగితానికీ కరెంటుకూ సరిపోదు. నాన్న ఉన్నప్పుడు తొమ్మిదొందలు పోయేవి."

"ఈ ఊళ్ళో పదివేలమంది ఉన్నారు!"

"ఉన్నారు మాస్టారు గారూ" అంది. ఏ ఏడు ఎన్ని పోయాయో రాసుకున్న లెక్క కాగితం తీసి చూపించింది.

వంతెన మీది దీపం వెలగనప్పుడు పదకొండు వారాలు వరసగా మొదటి పేజీ నెత్తిన ఒకే వాక్యం వేసిన పత్రిక అది: "వంతెన దీపం ఈ వారమూ వెలగలేదు." పన్నెండో వారం వెలిగింది. "వంతెన దీపం వెలిగింది" అని నేను చదివినప్పుడు సెలూన్లో ఈల వేశారు. ఈల వేయడం నాకు గిట్టదు. ఆ రోజు మాత్రం రెండోసారి చదివాను.

అలాంటి పత్రికకు ఈ గతి పట్టడానికి కారణం స్పష్టం. జనంలో పఠనాభిరుచి నశించింది. నా శ్రోతలను మాత్రం ఆ కోవలో కలపరాదు. వాళ్ళను నేను తయారుచేశాను.

శుక్రవారం

మా ఆవిడకు చెప్పలేదు. "ఏం రాస్తున్నారు?" అంది. "లెక్కలు" అన్నాను. నేను లెక్కల మాస్టారిని కానని ఆవిడకు తెలుసు.

శనివారం, సాయంత్రం

నేనుండగా పత్రిక ఆగదు. నాలుగొందలు ఎంత? ఇంటింటికీ వెళ్ళి చందాదారులను చేర్చాలని నిశ్చయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రూళ్ళ కాగితం మీద నాలుగు గళ్ళు గీసుకుని బయలుదేరాను. రహస్యం రహస్యంగానే ఉంచాను. పఠనాభిరుచిని పెంచడానికి వచ్చానని మాత్రమే చెప్పాను.

మొదట దర్జీ ఇంటికి. దర్జీ భార్య కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. "పేపరెందుకండీ మాస్టారూ, ఆయన వచ్చి మీరు చదివినదంతా అలాగే చెప్తారు. మీ దగ్గు కూడా వదలరు" అంది. విని సంతోషించాను.

తర్వాత ఆటో నడిపే అన్నదమ్ముల ఇంటికి. "మీ నోట వింటేనే వార్త సార్. కళ్ళతో చదివితే చప్పగా ఉంటది" అన్నాడు పెద్దవాడు. ఈ వాక్యంలో సత్యం ఉంది.

వీధి చివరి ముసలాయన కూడా అదే అన్నాడు. బడి ఎదుట పుస్తకాల కొట్టాయన కూడా. పదహారు ఇళ్ళకు వెళ్ళాను. పదహారిళ్ళలోనూ నా చదువుకు ఇంత గౌరవం ఉందని ఇన్నాళ్ళూ ఎరుగను.

ఒక్క మందుల షాపాయన దగ్గర తేడా వచ్చింది. మాత్రలు లెక్కపెడుతూ, తల ఎత్తకుండా, "ఇంతకీ మీరు కొంటారా మాస్టారూ పేపరు?" అన్నాడు.

"నాకు గౌరవ ప్రతి వస్తుంది."

"అంటే ఊరికే వస్తుంది."

"గౌరవ ప్రతి వేరు, ఊరికే రావడం వేరు."

"అవునవును, మాకు మీరు చదివి పెట్టడం కూడా గౌరవ ప్రతే కదా!" అని పెద్దగా నవ్వాడు. ఆయన క్షవరం చేయించుకునేటప్పుడు కూడా ఇంతే, తల కదుపుతూనే ఉంటాడు.

చేరిన చందాదారులు: ఎవరూ లేరు. రూళ్ళ కాగితం వృథా పోలేదు; వెనకవైపు వాడుకోవచ్చు.

ఆదివారం

భోజనాలయ్యాక మా ఆవిడ అంది: "ఏమండీ, పేపరు మూతపడుతోందా?"

నేను జవాబివ్వలేదు. నేను జవాబివ్వకపోతే అవునని అర్థమని నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ స్థిరపరచుకుంది.

"పడదూ మరి! మీరు గంటసేపు కూర్చుని పొల్లుపోకుండా చదివి పెడుతుంటే వాళ్ళెందుకు కొంటారు? ఒక్క పేపరుతో నలభై ఇళ్ళకు సరిపెడుతున్నారు."

"వాళ్ళు వార్తల కోసం రారు."

"మరి దేనికొస్తారు? మీ గొంతు వినడానికా? ఇక్కడ నాకు రోజూ వినబడుతూనే ఉంది, ఎవరికైనా కావాలంటే పంపిస్తాను."

సాయంత్రం దాకా మాట్లాడలేదు. ఆవిడకు ఆ సంగతి తెలిసినట్టు కూడా లేదు.

నిష్పక్షపాతంగా పరిశీలిద్దాం. సంపాదకురాలు చెప్పిన లెక్క ప్రకారం నేను చదవడం మొదలుపెట్టిన ఏడాది పత్రిక ఎనిమిది వందల నలభై పోయేది. మరుసటి ఏడు ఆరు వందల పై చిల్లర. ఆ తర్వాత అయిదు వందలు. నా శ్రోతలు పదిమంది నుంచి నలభైమంది అయ్యారు, వాళ్ళు తలా నాలుగిళ్ళకు చెప్పుకున్నారు. పత్రిక నూట తొంభైకి దిగింది. ఒకటి పెరగడం, ఒకటి తగ్గడం. ఇది కేవలం కాకతాళీయం.

కాకతాళీయం.

సోమవారం

వాన. ఏమీ లేదు.

మంగళవారం

ప్రెస్సుకు వెళ్ళాను. ముందు గది ఆఫీసు, వెనక గది యంత్రం. కాగితం బస్తాలు గోడ వారన నడుం ఎత్తు దాకా ఉండేవి. ఇప్పుడు మోకాలి ఎత్తు. వాళ్ళ నాన్న కుర్చీకి కొత్త నవారు అల్లించింది కానీ అందులో కూర్చోదు. స్టూలు మీద కూర్చుని సిరా అంటిన వేళ్ళు గుడ్డతో తుడుచుకుంటోంది.

"అమ్మాయ్, సూటిగా అడుగుతాను. పత్రిక పోవడం లేదంటే నా చదువు వల్లనా?"

ఆమె తుడుచుకుంటూనే ఉంది. చూపుడు వేలు ఎప్పుడో శుభ్రపడింది.

"నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మూడో ఏటి నుంచి."

"అయిదేళ్ళు! అయిదేళ్ళుగా గుమ్మంలో నిలబడి, తెలిసీ ఒక్క మాట అనలేదా?"

"ఎలా అంటాను మాస్టారు గారూ? నూట తొంభైమంది కొంటారు. కొని ఏం చేస్తారో నాకు తెలీదు. సెలూన్లో మాత్రం నేను రాసిన ప్రతి అక్షరం వింటారు. నా కళ్ళముందు వింటారు. వారమంతా ఒక్కదాన్నే రాసుకుని, గురువారం పొద్దున ఆ గుమ్మంలో నిలబడితే, మళ్ళీ వారం దాకా ఓపిక వస్తుంది. మిమ్మల్ని ఆపమంటే నాకేం మిగులుతుంది?"

మేజా మీది ప్రూఫులో ఒక తప్పు చూపించి వచ్చాను.

ఇంటికొచ్చి నోటు పుస్తకం తెరిచాను. ఆదివారం నాటి చివరి మాట పక్కన పెన్సిలుతో "కాదు" అని రాసి ఉంది. ఈ ఇంట్లో పెన్సిలు వాడేది ఒక్కరే. అక్షరం గుండ్రంగా, పొందికగా ఉంది. దిద్దవలసిందేమీ లేదు.

గురువారం

చదవడానికి వెళ్ళలేదు.

నేను చదవడమే జబ్బయితే, చదవకపోవడమే మందు. ఇది తర్కం. గౌరవ ప్రతి పొద్దున్నే వచ్చింది. మడత విప్పకుండా బల్లమీద పెట్టాను.

పది గంటలకు తలుపు తట్టారు. సెలూన్ యజమాని, భుజాన తువ్వాలు. వెనకాలే మందుల షాపాయన, ఒక బుగ్గ నున్నగా, ఒక బుగ్గన నురగతో. ఆ వెనక మెట్టు దిగువన ఇస్త్రీ బండి ఆమె, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ.

"మాస్టారూ, కుర్చీ లేపి పెట్టి గంటయింది. ఒంట్లో బాలేదా?"

"జ్వరం" అన్నాను.

"జ్వరం లేదు, గిరం లేదు" అంది లోపలినుంచి మా ఆవిడ.

చెప్పేశాను. పత్రిక ఆగిపోబోతోందని చెప్పలేదు, మాటిచ్చాను. "ఇకమీదట ఎవరి పత్రిక వాళ్ళు కొనుక్కుని ఎవరి కళ్ళతో వాళ్ళు చదువుకోండి. నేను చదవను" అన్నాను.

మందుల షాపాయన నురగ బుగ్గతోనే కోపం తెచ్చుకున్నాడు. "శనివారం అన్న మాటకు ఇంత పట్టింపా? సరదాకి అన్నానండీ బాబూ!"

"అది కాదు."

"మరి ఏంటి? మేమేం తప్పు చేశాం?" అన్నాడు సెలూన్ యజమాని. అతని మొహం చూడలేక గడపవైపు చూశాను.

ఇస్త్రీ బండి ఆమె మాత్రం, "చదువుకోడం వస్తే మిమ్మల్నెందుకు అడుగుతాం సార్?" అంది. ఎదురు చెప్పడానికి అన్నట్టు లేదు. ఊరికే అంది. ముగ్గురూ వెళ్ళిపోయారు. నురగ ఆరిపోతోందని మందుల షాపాయన ముందు నడిచాడు.

శుక్రవారం

నిన్న అమ్ముడైనవి నూట తొంభై మూడు. మూడు పెరిగాయి. నలభైమంది వినలేదు.

మందు పనిచేయలేదు.

మంగళవారం

భోజనం పక్కన పెట్టి రాస్తున్నాను.

పదకొండింటికి మా ఆవిడ బయటినుంచే కేకేసింది: "ఏమండీ! ఇస్త్రీ బండి ఎత్తుకుపోయారట!"

పరుగున వెళ్ళాను. సెలూన్ ఎదుట బండి ఉండే చోట నాలుగు చక్రాల గుంటలు, నేలమీద బూడిద. పురపాలక కార్యాలయం ట్రాక్టరు వచ్చి బండినీ, ఇస్త్రీ పెట్టెనూ, మడతపెట్టిన బట్టల మూటలనూ ఎక్కించుకుని పోయింది. కాలువ రోడ్డు వెడల్పు చేస్తున్నారట, రోడ్డు మీది బండ్లన్నీ తీసేయాలట, గడువు దాటిందట. ఆమె ఎవరిదో చొక్కా ఒకటి, సగం ఇస్త్రీ అయినది, చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరూ చెప్పలేదమ్మా నీకు?"

"గురువారం పేపర్లో ఏశామని చెప్పారు సార్. ఆ గురువారం మీరు చదవలేదు గదా."

తప్పు పట్టలేదు. ఆ మాటలో నింద లేదు. నింద ఉంటే జవాబు చెప్పుకునేవాణ్ణి.

ఇంటికొచ్చి మడత విప్పని ప్రతి విప్పాను. మూడో పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో ప్రకటన ఉంది. అయిదు రోజులుగా నా బల్లమీద, నా మోచేతి కింద ఉంది. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క కాపీ పుస్తకం దిద్దకుండా వదిలినవాణ్ణి కాను.

రెండోసారి చదివాను. మూడోసారి చదివాను. అప్పుడు చెప్పులు వేసుకున్నాను.

కార్యాలయానికి నేనూ ఇస్త్రీ బండి ఆమే వెళ్దామనుకున్నాం. తువ్వాలు భుజాన వేసుకుని సెలూన్ యజమాని వచ్చాడు. షాపు షట్టరు సగం దించి మందుల షాపాయన వచ్చాడు. ఆయన చొక్కాలు నాలుగు ఆ మూటలో ఉన్నాయి. తన చీరలు రెండున్నాయని మా ఆవిడ వచ్చింది. దర్జీ ఎందుకొచ్చాడో తెలియదు, సూది చొక్కా జేబుకు గుచ్చుకునే వచ్చాడు.

గుమాస్తా నా విద్యార్థి కాదు. అయినా లేచి నిలబడ్డాడు.

"గడువు అయిపోయిందండీ. మేమేం చెయ్యలేం."

"ఎప్పటితో అయిపోయింది?"

"నిన్నటితో."

"ఇది మీ కార్యాలయం పత్రికకిచ్చిన ప్రకటన. కింద మీ అధికారి హోదా ఉంది. ఈ వాక్యం చదవండి. లోలోపల కాదు, పైకి."

గొంతు సవరించుకున్నాడు. "కాలువ రోడ్డు అంచున ఉన్న తోపుడు బండ్ల యజమానులు బుధవారం సాయంత్రం అయిదు గంటలలోగా..." అని ఆగాడు.

"ఇవాళ ఏ వారం?"

"మంగళవారమండీ."

"ఇంకోసారి. వెనక దర్జీకి వినబడలేదు."

"మంగళవారమండీ!"

గుమాస్తా లోపలికి వెళ్ళాడు. లోపల ఎవరో ఎవరినో కసిరారు. అరగంటకు బండి వెనకవైపు గేటు నుంచి బయటికి వచ్చింది. ఒక చక్రం వంకరపోయింది, బట్టలన్నీ ఉన్నాయి. అందరం తలో చెయ్యి వేసి తోసుకుంటూ వచ్చాం. బండిని తన షాపు పక్క సందులో పెట్టుకోమన్నాడు మందుల షాపాయన. "అద్దె ఏమీ వద్దు, నా చొక్కాలు ముందు చెయ్యి చాలు" అన్నాడు.

సందులో బండి నిలిపాక ఆమె నా చేతిలోని పత్రిక వైపు చూసింది.

"సార్, అది నాకొకటి కావాలి. వారం వారం. నా పేరు మీద."

"నువ్వు చదవలేవు కదమ్మా."

"నేను చదవకపోతే ఏం, అందులో రాసుంది గదా! ఆ కాగితం నా బండి మీదుంటే ఇంకోసారి ఎవడొచ్చినా ముందు దాని మీద చెయ్యెయ్యాలి."

నేను ఎవరికీ అంత బాగా చెప్పలేకపోయిన సంగతి అది. పదహారు ఇళ్ళు తిరిగి చెప్పలేకపోయాను.

రూళ్ళ కాగితం జేబులోనే ఉంది. మొదటి గడిలో ఆమె పేరు రాశాను. రెండో గడిలో నా పేరు రాసుకున్నాను. మందుల షాపాయన మెడ చాచి చూసి, "గౌరవ ప్రతి ఏమైంది మాస్టారూ?" అన్నాడు. "ఆగిపోయింది" అన్నాను. "అయితే మూడోది నాది" అన్నాడు.

ఆ పైన మాట దాచలేదు. పత్రికకు ఇంకా మూడు వారాలే ఉన్నాయని అక్కడే చెప్పేశాను. ఇచ్చిన మాట తప్పడం నా జీవితంలో ఇదే మొదలు. సంపాదకురాలికి రేపు సంజాయిషీ చెప్పుకుంటాను.

బుధవారం

సంజాయిషీ చెప్పాను. ఆమె వినలేదు. మొదటి పేజీకి బండి వార్త రాస్తోంది.

గురువారం

సెలూన్ గుమ్మానికి పలక వేలాడుతోంది. సుద్దతో సెలూన్ యజమాని చేతిరాత:

"పేపరు లేనిదే వినికిడి లేదు."

వినికిడి అన్న మాటను అక్కడ అలా వాడరాదు. పలక దగ్గర నిలబడి సుద్ద చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ పెట్టేశాను.

"ఇదేం రూలయ్యా?" అన్నాను.

"మీరు చదవాల్సిందే, వాళ్ళు కొనాల్సిందే. నేను కుర్చీ ఎక్కించి కూర్చోబెడితేనే గదా ఇదంతా మొదలైంది. మొదలెట్టినవాణ్ణి నేనే, రూలూ నాదే" అన్నాడు. ఎనిమిదేళ్ళ ఈ నేరం నాదొక్కడిదేనని వారం రోజులుగా బాధపడుతున్నాను. అందులోనూ వాటా అడుగుతున్నాడు.

పందొమ్మిదిమంది పత్రిక తెచ్చుకున్నారు. లేనివాళ్ళను గుమ్మం అవతల నిలబెట్టాడు. అవతలివాళ్ళకూ వినబడుతుంది, కానీ అవతల నిలబడటం ఎవరికీ నచ్చలేదు. మూడో పేజీకి వచ్చేసరికి ముగ్గురు వెళ్ళి కొనుక్కొచ్చుకున్నారు.

ఈ వారం అమ్ముడైనవి రెండు వందల నలభై.

శనివారం

మళ్ళీ పదహారు ఇళ్ళకూ వెళ్దామని బయలుదేరాను. అక్కర్లేకపోయింది. దర్జీ భార్య మా ఇంటికే వచ్చి పేరు రాయించుకుని పోయింది. "మా ఆయన చెప్తే చాలదండీ, మధ్యలో సగం మింగేస్తున్నారు. మీ దగ్గు ఒక్కటే పూర్తిగా చెప్తున్నారు" అంది.

గురువారం

ఈ రోజు సంగతి తొందరపడకుండా రాయాలి.

సెలూన్ నిండింది. కుర్చీ పైకి లేపారు. ఎదుట అద్దంలో నేను కనిపించలేదు. పత్రికలు కనిపించాయి. ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు, ముఖానికి దగ్గరగా పట్టుకున్నవాళ్ళు, నడిమికి మడిచి పట్టుకున్నవాళ్ళు. వాళ్ళలో సగంమందికి చదవడం రాదని నాకు తెలుసు. వీధి చివరి ముసలాయన తలకిందులుగా పట్టుకున్నాడు. పక్కనున్న ఆటో డ్రైవరు మెల్లగా తిప్పి ఇచ్చాడు.

మొదటి పేజీ చదివాను. "రెండో పేజీ" అన్నాను.

అరవై పత్రికలు ఒక్కసారి తిరిగాయి.

ఆ చప్పుడును వర్ణించడానికి అలంకారాలు చాలానే వచ్చు నాకు. వాడను. అందరూ ఒకేసారి పేజీ తిప్పారు, అంతే. ఇన్నేళ్ళూ ఈ గదిలో వినబడింది నా గొంతొక్కటే. ఇవాళ అది వాళ్ళ చేతుల కింద ములిగిపోయింది. రెండో పేజీ మొదటి వాక్యం ఎంతకీ మొదలుపెట్టలేకపోయాను. "కానివ్వండి మాస్టారూ, గడ్డం ఆరిపోతోంది" అన్నాడు మందుల షాపాయన కుర్చీ పక్క బల్లమీది నుంచి. ఈయన గురువారమే ఎందుకు గడ్డం చేయించుకుంటాడు?

గుమ్మంలో సంపాదకురాలు నిలబడి ఉంది. ఆమె చేతిలో కూడా ఒక ప్రతి ఉంది. అందరితో పాటు తిప్పింది.

అయ్యాక ఇస్త్రీ బండి ఆమె ఆగింది. వేలు పెట్టి చూపించింది.

"సార్, ఇది 'కాలువ' కదా?"

"అవును. నీకెలా తెలుసు?"

"రెండో క్లాసు దాకా పోయాను సార్ చిన్నప్పుడు. మీరు అంటుంటే వేలు పెట్టుకుంటూ పోయాను. పైనున్నవి చాలా వరకు గుర్తొస్తున్నాయి. ఈ కింద వేలాడేవే... ఇవొస్తే ఆగిపోతున్నాను."

ఒత్తులను గురించి అంటోంది. "వేలాడేవి." నేను ఇన్నేళ్ళు పాఠం చెప్పి వాటికింత మంచి పేరు పెట్టలేకపోయాను.

ఈ వారం మూడు వందల ముప్పై ఒకటి.

బుధవారం

సంపాదకురాలు పిలిచి ఒక కాగితం ఇచ్చింది. రేపటిది చివరి సంచిక అయితే మొదటి పేజీలో వేయడానికి రాసిపెట్టుకున్న వీడ్కోలు. అచ్చుకు ముందు తప్పులు చూడమంది. ఏజెంటు దగ్గర్నుంచి రేపటికి ఎన్ని కావాలో కబురు సాయంత్రం వస్తుందట.

ఎర్ర పెన్ను తీసి కూర్చున్నాను. పదిహేడు వాక్యాలు. మొదటినుంచి చివరికి, చివరినుంచి మొదటికి చూశాను. వాళ్ళ నాన్నను గురించి రెండు వాక్యాలే రాసింది. వంతెన దీపం గురించి ఒకటి. నా గురించి ఒకటి. ఎక్కడా ఏడవలేదు. ఒక్క కామా కూడా కదపడానికి లేదు.

అడుగున నూటికి నూరు వేసి సంతకం చేశాను. ముప్పై నాలుగేళ్ళలో ఎవ్వరికీ వేయలేదు.

ఆమె అంకె చూసి, "మాస్టారు గారూ!" అంది.

"చాలా బాగా రాశావు. సొరుగులో పెట్టు."

అప్పుడే ఫోను మోగింది. ఆమె వింది, రాసుకుంది, పెట్టేసింది. కాగితం నావైపు తిప్పింది. నాలుగు వందల ముప్పై.

వెనక గదిలోకి వెళ్ళి యంత్రం స్విచ్చి వేసింది. తిరిగి వచ్చి, ఆలోచించకుండానే, వాళ్ళ నాన్న కుర్చీలో కూర్చుంది.

గురువారం, సాయంత్రం

నాలుగు వందల ముప్పై తెల్లారేసరికి అయిపోయాయి. ఇంకో పదిహేను కొట్టిందట. పత్రిక ఆగడం లేదు.

ఊరంతా నన్ను పొగుడుతోంది. మాస్టారి వల్లే పత్రిక నిలబడిందని సెలూన్లో, రోడ్డుమీద, పురపాలక కార్యాలయంలో కూడా. మొదటి రెండు పొగడ్తలకు తల ఊపాను. మూడోదానికి మెడ పట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఈ పుస్తకం ముందునుంచి తిరగేశాను. పెన్సిలుతో రాసిన "కాదు" దగ్గర ఆగాను.

మా ఆవిడను అడిగాను: "ఊరికి నిజం చెప్పాలంటావా?"

"చెప్పాలనే గదా నన్ను అడుగుతున్నారు."

"పరువు?"

"మీ పరువు నాకు తెలుసు. దానికేం కాదు, గట్టిది" అంది. ఇది పొగడ్తో కాదో ఇంకా తేల్చుకోలేదు.

సంపాదకునికి లేఖల శీర్షికకు రాస్తాను. కానీ గురువారం ఆ పేజీ చదవవలసింది నేనే. కుర్చీమీద కూర్చుని, రెండద్దాల నడుమ, నా తప్పును నేనే శ్రావ్యంగా చదివితే అది కూడా నాకొక ఘనతే అయి కూర్చుంటుంది. వద్దు.

శనివారం

మూడు చిత్తుప్రతులు చించేశాను. మూడూ దివ్యంగా ఉన్నాయి. అదే వాటి లోపం.

ఆదివారం

ఎవరు చదవాలో తేలింది. అది తేలాక ఎలా రాయాలో కూడా తేలింది. రాసిన లేఖ ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను. ఇందులో వేలాడేది ఒక్కటి కూడా లేదు. "ఇట్లు" అన్న మాట కూడా అందుకే వదిలేశాను. లేఖ చివర ఆ మాట వేయనివారికి నేను ఒక మార్కు తగ్గించేవాణ్ణి. నా పాత నియమాల ప్రకారం ఈ లేఖకు పాసు మార్కులు రావడం కష్టం. పంపుతున్నాను.

*

మన పేపరు చదివేవారికి, వినేవారికి,

నేను మీ బడి పంతులుని. చాలా కాలంగా మీకు పేపరు చదివి వినిపించాను. నా గొంతు వినాలనే మీరు చేరేవారని తలచాను. అది నా పొగరు.

నేను ఊరికే చదివి పెడితే ఎవరూ కొనరు. ఆ సంగతి నాకు తెలియలేదు. తెలిసినా కాదని వాదించాను. నేను కూడా ఏ వారమూ కొనలేదు. నాకూ ఊరికే దొరికేది.

ఒక వారం చదవలేదు. ఆ వారమే ఒకరి బండి పోయింది. అది తిరిగి రావడానికి కారణం నేను కాదు. మూడో పేజీ.

మన పేపరు బతికింది. బతికించింది మీరు. మీ చేతులలో పేజీలు ఒకేసారి తిరిగే అలికిడిలో నా గొంతు నాకే వినబడలేదు. ఇంత ఆనందం నాకు ఏ రోజూ కలగలేదు.

ఇక మనవి ఒకటే. ఈ జాబు నేను చదవను. ఆ బండి గల ఆవిడే, అందరికీ వినబడేలా, పైకి చదవాలి. ఆవిడ ఆగినచోట మీరూ ఆగండి. ఎవరూ మాట అందించకండి. నేను కూడా అందించను. ఎంతసేపయినా వింటాను.